ఆ బిల్లులో నాలుగో లైను

చిట్టితల్లికి,

నాన్న రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది, మేడ మీద కుండీలో కరివేపాకు మళ్ళీ చిగురేసింది, బాబాయి వాళ్ళ గోడ గొడవ ఇంకా తెగలేదు. ఇవన్నీ ఫోన్లోనే చెబుదామంటే నువ్వు "మీటింగ్‌లో ఉన్నా నాన్నా" అని పెట్టేస్తున్నావు, సరిగ్గా మాట్లాడి పదకొండు రోజులైంది. అందుకని రాస్తున్నా. రైల్లో కూర్చోవడానికి చోటు దొరికినప్పుడు చదువుకో, పెద్ద విషయమేం కాదు.

మొన్న ఆదివారం వదిన వాళ్ళ పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాడూ జపాన్‌లో మీ గ్యోటోకులోనే ఉంటున్నాడట కదా, నువ్వు చెప్పనేలేదు. ఆ మాటా ఈ మాటా అయ్యాక "చిట్టి రోజూ రాత్రి మందుల షాపులో కనిపిస్తోంది బాబాయ్" అన్నాడు. స్పీకర్ పెట్టి ఉంది, అమ్మ వింది. ఇంక ఆ పూట అన్నం ముట్టలేదు. నేనే కూర్చోబెట్టి చెప్పాను, అక్కడ మందుల షాపంటే మన షాపు లాంటిది కాదే, కిరాణా కొట్టు, బేకరీ, కర్రీ పాయింటు అన్నీ అందులోనే ఉంటాయి, అది భోజనానికి వెళ్తోంది అని. అమ్మ నమ్మి పడుకుంది. నాకే నిద్ర పట్టలేదు.

ముప్ఫై రెండేళ్ళు మందుల షాపు నడిపినవాణ్ణి, నా బుర్ర అలాగే ఆలోచిస్తుంది తల్లీ. మన షాపులోనూ తిండి ఉండేది కదా, బ్రెడ్డు, రస్కులు, హార్లిక్స్, గ్లూకోజ్ పొడి. అవి ఎవరైనా కొన్నారంటే ఇంట్లో ఎవరికో జ్వరమనే. మీ ఊళ్ళో వెల్సియా, మత్సుమోతో కియోషి లాంటి షాపుల్లో గుడ్లు, పాలు, సోయా పనీరు లాంటి టోఫు, కప్ నూడుల్స్ వరసగా పేర్చి ఉంటాయని నువ్వు వీడియో కాల్‌లో చూపించినప్పుడు ముచ్చటేసింది కూడా. ఫుకువోకా కేంద్రంగా నడిచే కోస్మోస్ అనే షాపుల్లోనైతే అమ్మకాల్లో సగానికి పైగా తిండి సరుకులేనట. వ్యాపారం తెలిసినవాడికి కిటుకు అర్థమవుతుంది. మందుల మీద, క్రీముల మీద మార్జిన్ ఉంటుంది కాబట్టి తిండి చవగ్గా ఇవ్వగలరు. మనిషి మందు కొనేది ఎప్పుడో ఒకసారి, ఆకలి మాత్రం రోజూ వేస్తుంది, ఆకలితో వచ్చినవాడు షాంపూ కూడా పట్టుకెళ్తాడు. తప్పు లేదు, మంచి పద్ధతే.

సరే, అసలు సంగతికొస్తా. పోయిన నెల "చూడమ్మా, ఎంత చవకో" అని అమ్మకి బిల్లు ఫోటో పంపావు గుర్తుందా? అది మళ్ళీ తీసి చూశాను. నాలుగు లైన్లున్నాయి. మూడింటి పక్కన చిన్న గుర్తు ఉంది, నాలుగోదాని పక్కన లేదు. ఆ గుర్తేమిటో నువ్వే చెప్పావు, 2019 అక్టోబరులో పన్ను 10 శాతం చేసినప్పుడు తిండి వస్తువులకి మాత్రం 8 శాతమే ఉంచారు, వాటికే ఆ గుర్తు అని. అంటే మొదటి మూడూ తిండి, నాలుగోది తిండి కాదు. ఫోన్ కెమెరా పెట్టి అనువాదం చూస్తే ఒకసారి "కడుపు" అని వచ్చింది, ఇంకోసారి ఏవో అంకెలు వచ్చాయి. సబ్బయితే సరే. కడుపు మందా తల్లీ?

అడిగితే చిరాకు పడతావని తెలుసు. అయినా అడుగుతాను, ఎందుకో చెబుతా విను. నువ్వు పుట్టకముందు సంగతి. మన షాపు ఎదురు మేడ మీది గదిలో ఒక బ్యాంకు కుర్రాడు అద్దెకుండేవాడు, శ్రీకాకుళం వైపు వాడు, పాతికేళ్ళుంటాయేమో. రోజూ రాత్రి తొమ్మిదింటికి, నేను షట్టరు సగం దించే వేళకి వచ్చేవాడు. ఒక బ్రెడ్డు పాకెట్టు, ఒక గ్యాస్ మాత్రల స్ట్రిప్పు. మొదట్లో స్ట్రిప్పు వారానికొకటి, తర్వాత మూడు రోజులకొకటి, దసరా నాటికి రోజూ. మెస్సు తిండి పడక మానేశాడు, స్టవ్వు వెలిగించే ఓపిక లేదు, పొద్దున టీ, మధ్యాహ్నం ఇంకో టీ, రాత్రికి ఈ బ్రెడ్డు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం చిల్లర లెక్కపెట్టి ఇచ్చి "జాగ్రత్త బాబూ, మెట్లు తడిగా ఉన్నాయి" అనేవాణ్ణి, అంతే. కొనేవాణ్ణి కారణం అడగకూడదని తాతయ్య నేర్పారు, మొహమాటం కూడా. కార్తీకమాసంలో ఒక రాత్రి మాత్రలు తీసుకుని వెనక్కి తిరిగి మన మెట్ల మీదే కూర్చుండిపోయాడు. నీళ్ళు తెచ్చేలోపు వాంతి చేసుకున్నాడు, కాఫీ పొడి కలిపినట్టు నల్లగా. అది కడుపులో కారిన రక్తమని మందులవాడికి చెప్పక్కర్లేదు. మామయ్యా నేనూ కారు మాట్లాడుకుని గుంటూరు తీసుకెళ్ళాం. పెద్ద పుండు, రెండు సీసాల రక్తం ఎక్కించారు. బతికాడు, దేవుడి దయ. మర్నాడు సాయంత్రానికి వాళ్ళమ్మ వచ్చింది. నన్నేమీ తిట్టలేదు. చెయ్యి పట్టుకుని "రోజూ చూసేవాడివి కదా బాబూ, ఏం తిన్నావురా అని ఒక్కసారి అడక్కపోయావా" అంది. ఆ తర్వాత ఏడాదిన్నర అమ్మ అతనికి క్యారియర్ పంపింది. ఇప్పటికీ ఉగాదికి ఫోన్ చేస్తాడు. ఆవిడ అన్న మాట మాత్రం నాలోంచి పోలేదు.

నీకు అలా అవుతుందని కాదు, అపశకునం మాట్లాడను. అక్కడ పద్ధతులు గట్టివి. కొన్ని రకం మందులు ఫార్మసిస్టు ఉన్నప్పుడే ఇస్తారని, అతను వెళ్ళిపోయాక షాపు తెరిచే ఉన్నా ఆ అర అమ్మకం ఆపేస్తారని తెలిసి మనసుకి హాయిగా అనిపించింది. కాబట్టి కడుపులో మంట ఉంటే నీ అంతట నువ్వు డబ్బా తీసుకోకుండా అతన్నే అడుగు. ఒకవేళ ఆ నాలుగోది చిన్న గోధుమరంగు సీసాల్లో వచ్చే ఓపిక టానిక్కా? వాటిలో చాలా వాటికీ పన్ను 10 శాతమే, కెఫీన్ కూడా ఉంటుంది. ఖాళీ కడుపున అది తాగితే మంట రాక ఏమవుతుంది?

తిండి సంగతి కూడా రాస్తా, కోప్పడకు. కప్ నూడుల్స్ డబ్బా మీద ఉప్పెంతో రాసే ఉంటుంది, చూడు. పేరున్న వాటిలోనూ ఒక్క కప్పులో దాదాపు 5 గ్రాములుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి అంతకన్నా తక్కువే తినమంటుంది. కప్పులోని ఉప్పులో సగం దాకా నీళ్ళలోనే ఉంటుంది, ఆ పులుసు తాగకుండా పారబొయ్యి. నానమ్మ బీపీ మనింట్లో ఎవర్నీ వదల్లేదు. రాత్రి సగం ధర స్టిక్కరు వేసినవి కొంటున్నావట, డబ్బు ఆదా చేస్తున్నందుకు సంతోషమే, కానీ తేదీ దగ్గర ఏం రాశారో చూడు. "షోమి కిగెన్" అంటే రుచి బాగుండే గడువు, ఒక రోజు దాటినా కొంప మునగదు. "షోహి కిగెన్" అంటే ఆ తేదీ తర్వాత తినకూడదు, రేపటికని ఫ్రిజ్‌లో దాచకు. ఓనిగిరీల్లో, అదే ఆ అన్నం ముద్దల్లో, ఉప్పు రేగుపండు లాంటిది పెట్టింది బాగుందన్నావు, అదే తీసుకో. దేన్లోనైనా చేపల రసం ఉంటే లేబుల్ మీద కనిపిస్తుంది, చదవడం నాకన్నా నీకే బాగా వచ్చు. మెలన్‌పాన్ భోజనం కాదు, బన్ను.

ఆ 200 గ్రాముల పాకెట్ అన్నం మాత్రం నాకు నచ్చింది. రెండు నిమిషాలు మైక్రోవేవ్‌లో పెడితే వేడి అన్నం. అదే షాపులో చక్కెర లేని పెరుగు 400 గ్రాముల డబ్బా ఉంటుంది. అన్నం, పెరుగు, అమ్మ పంపిన మాగాయ. నూడుల్స్‌కి నీళ్ళు కాగేలోపు అయిపోయే భోజనం ఇది. టోఫు కూడా తెచ్చుకుని కాస్త పోపు వేసుకో. కందిపప్పు అయిపోయిందని వంక చెప్పకు, నిషికసాయ్ నీకు నాలుగు స్టేషన్లే, అక్కడ మనవాళ్ళ షాపులున్నాయని నువ్వే అన్నావు.

అమ్మ కందిపొడి, కరివేపాకు పొడి చేసి రెండేసి కవర్లలో సీలు వేయించింది, సోమవారం పోస్టులో వేస్తా. నెయ్యి పంపనని చెప్పాను, పోట్లాడుతోంది. చలి మొదలైతే ఆ నీలం స్వెట్టర్ తియ్యి, మెడ కప్పుకో.

నీకు రాత్రి తొమ్మిదంటే నాకు సాయంత్రం అయిదున్నర, ఆ వేళప్పుడు నేను ఖాళీగానే ఉంటా. నువ్వు ఆ మందుల షాపులోకి వెళ్ళేదీ అప్పుడే కదా. లోపలికి వెళ్ళాక ఒక్కసారి ఫోన్ చెయ్యి, ఎక్కువసేపు మాట్లాడను. బుట్టలో ఏమున్నాయో వరసగా చదువు, చాలు. ఆ నాలుగో లైను ఏమిటో ఈలోపు మెసేజ్ పెట్టు. అమ్మకి కాదు, నాకు పెట్టు.

నాన్న