టూ-థర్డ్స్ మధ్య గీతకి మార్కు కొట్టేయొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది పర్లాకిమిడి, ఇంట్లో ఇంగ్లీష్ ట్యూషన్ చెప్తుంటాను. మా దగ్గర పిల్లలు ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా మాట్లాడి పరీక్షకి వచ్చేసరికి ఇంగ్లీషులో రాయాలి. పోయిన వారం ఎనిమిదో క్లాసు పాప ఏడుపు మొహంతో ఆన్సర్ పేపర్ తెచ్చింది, 'టూ-థర్డ్స్ ఆఫ్ ద వాటర్' (నీళ్లలో మూడింట రెండొంతులు) అని టూకీ థర్డ్స్‌కీ మధ్యలో గీత, అదే హైఫన్, పెట్టినందుకు అర మార్కు కట్ చేశారు, విశేషణమైతేనే గీత పెట్టాలట.

ఆ పద్ధతి ఉన్నమాట నిజమే, 'టూ-థర్డ్స్ మెజారిటీ'కి గీత పెట్టి 'టూ థర్డ్స్ ఆఫ్ ద మెంబర్స్'కి వదిలేసేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ చికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్ అని అమెరికాలో ఇంగ్లీష్ రాసే పద్ధతులు చెప్పే పుస్తకం ఉంది, దాని 2017 ఎడిషన్ నామవాచకానికీ గీత పెట్టమనే చెప్పింది. అంతెందుకండీ, మన రాజ్యాంగం 368వ ఆర్టికల్ ఇంగ్లీషులో తీసి చూడండి, 'టూ-థర్డ్స్ ఆఫ్ ద మెంబర్స్' అని గీతతోనే ఉంది, 'వన్-హాఫ్ ఆఫ్ ద స్టేట్స్' కూడా అంతే. 1787లో రాసిన అమెరికా రాజ్యాంగంలోనేమో గీత లేదు. రెండూ చెల్లుతున్నప్పుడు పిల్లకి మార్కు ఎందుకు పోవాలి?

గట్టిగా నేర్పాల్సింది వేరే ఉంది. 'ట్వెంటీ-ఫైవ్ హండ్రెడ్త్స్' అంటే 25/100, అంటే పావు. అదే గీత ఒక్క మాట పక్కకి జరిపి 'ట్వెంటీ ఫైవ్-హండ్రెడ్త్స్' అని రాస్తే 20/500 అయిపోతుంది, అంటే పాతికలో ఒక్క వంతు! అక్కడ గీత తప్పితే లెక్కే తప్పుతుంది. అందుకే పైనో కిందో అంకెలో ముందే గీత ఉంటే రెండిటి మధ్య ఇంకో గీత పెట్టరు, ఖాళీ వదిలేస్తారు.

మన పిల్లలకి ఇది కొత్తగా ఉండటంలో వింతేం లేదు, మనకి పావు, అర, ముప్పావు అన్నీ ఒక్కో మాటే, ఒడియాలో ఒకటిన్నరని దెఢ, రెండున్నరని అఢెయి అంటారు. మూడింట రెండొంతులు అన్నామంటే 'మూడింట' దగ్గరే మొత్తం ఎన్ని భాగాలో తెలిసిపోతుంది, ఇంక గీతతో పనేముంది. ఇంగ్లీషులో పై అంకె ముందు వచ్చి కింద అంకె తర్వాత వస్తుంది, అందుకే ఏది ఎక్కడ ఆగిందో గీత చెప్పాలి.

మీ విద్యార్థుల పేజీలో ఈ పాతిక ఉదాహరణ ఒక్కసారి వేయండి సార్, టీచర్లు కూడా ఆ పేజీ చూస్తారు.

ఒక ట్యూషన్ టీచర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా