వెంగమాంబ నాటకాలను రంగస్థలం ఎక్కించండి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

తిరుమలలో మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం 2011లో మొదలైంది. అక్కడ భోంచేసి వచ్చేవాళ్ళలో ఎవరిని అడిగినా వెంగమాంబ అంటే స్వామివారి భక్తురాలని చెబుతారు. అది నిజమే. కానీ ఆమె ఒకటి కాదు రెండు కాదు, చాలా యక్షగానాలు, అంటే పాటలతో ఆడే నాటకాలు, రాసిన నాటకకర్త అని చెప్పేవాళ్ళు నాకు అరుదుగా కనిపించారు. ఆ నాటకాలను మళ్ళీ ఆడించమని మిమ్మల్ని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

గుర్రంకొండ దగ్గరి తరిగొండలో 1730 ప్రాంతంలో పుట్టారామె. చిన్నతనంలోనే పెళ్ళి చేశారు, కొద్దికాలానికే భర్త పోయాడు. వేంకటేశ్వరుడే తన భర్త అంటూ బొట్టు, గాజులు, పూలు వదలనన్నారు, తల వెంట్రుకలు తీయించుకోనన్నారు. ఊరి పెద్దలు ఎంత ఒత్తిడి చేసినా లొంగలేదు. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. అంతకు వంద సంవత్సరాలకు పైగా ముందే, వెనక ఏ ఉద్యమమూ లేకుండా, ఒక పల్లెటూళ్ళో ఒంటరిగా నిలబడ్డ మనిషి ఈమె. భక్తి కథగా మాత్రమే చెప్పుకుంటూ పోతే ఆ తెగువ కనపడకుండా పోతుందని నాకు బాధ.

ఏ గురువు దగ్గరా ఓనమాలు కూడా నేర్చుకోలేదని తన గురించి తానే చెప్పుకున్న కవయిత్రి ఆమె. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు యోగమార్గం చూపిన గురువు. తరిగొండ నృసింహుడి మీద శతకంతో మొదలుపెట్టి నృసింహ విలాస కథ, శివ నాటకం, బాలకృష్ణ నాటకం రాశారు. తిరుమల చేరాక విష్ణుపారిజాతం, రుక్మిణీ నాటకం, గోపీ నాటకం, చెంచు నాటకం, ముక్తికాంతా విలాసం వచ్చాయి. ఇవి కాక రెండేసి పాదాల ద్విపద ఛందస్సులో భాగవతం, వాసిష్ఠ రామాయణం, పద్యాల్లో వేంకటాచల మాహాత్మ్యం. 1817లో తిరుమలలోనే సమాధి చెందారు.

ఈ పేర్లన్నీ మీ ముందు పెట్టడానికి కారణం ఉంది. యక్షగానం అంటే పుస్తకం తెరిచి మౌనంగా చదువుకునే రచన కాదు. దరువులు అనే పాటలు పాడాలి, ద్విపదలు నడవాలి, పాత్రలు వాదులాడుకోవాలి, మధ్యలో వచనం కథను ముందుకు లాగాలి. చదువు లేని వాళ్ళు కూడా రాత్రంతా కూర్చుని చూసేలా పెరిగిన కళ అది. వేదాంతాన్ని కావ్యాల్లో చెప్పగలిగిన మనిషి ఇన్నిసార్లు నాటకం వైపు ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే, పండితులకు మాత్రమే చెబితే చాలదని ఆమె అనుకున్నట్టు నాకు తోస్తుంది. ముక్తికాంతా విలాసంలో ముక్తినే ఒక నాయికను చేశారు, చూడండి! అలాంటి రచన పాటతో, తాళంతో, మనుషుల ముఖాలతో ఎదుట నిలిస్తేనే పూర్తవుతుంది.

తిరుమల తిరుపతి దేవస్థానం ఆమె రచనలను అచ్చు వేయించింది, ఏటా జయంతి, వర్ధంతి జరుపుతోంది. అందుకు కృతజ్ఞతలు. 'తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి' అన్న మాట నిజమయ్యేలా ఏకాంత సేవలో ఆమె పేరిట ముత్యాల హారతి ఈనాటికీ సాగుతోంది. అయితే ఆలయం చేయాల్సింది ఆలయం చేస్తుంటే, నాటకరంగం పని సాంస్కృతిక శాఖది కదా.

ప్రభుత్వంలో ఉన్నవాళ్ళు పూనుకుంటే ఏం జరుగుతుందో మన సాహిత్య చరిత్రలోనే ఉంది. ఇంచుమించు వెంగమాంబ కాలంలోనే తంజావూరులో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన రాధికా సాంత్వనం కావ్యాన్ని గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో తిరిగి అచ్చు వేయిస్తే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి టంగుటూరి ప్రకాశం అధికారంలోకి రావలసి వచ్చింది. వెంగమాంబ రచనల మీద ఏ నిషేధమూ లేదు. పట్టించుకుంటే చాలు.

నేను కోరేది పెద్ద బడ్జెట్ పనులు కావు. నంది నాటకోత్సవాల్లో పద్య నాటకాలకు చోటు ఉన్నట్టే యక్షగానానికీ ఒక రోజు కేటాయించి, మొదటి ఏడాది వెంగమాంబ నాటకం ఒకటి పెట్టండి. చెంచు నాటకంతో మొదలుపెడితే బాగుంటుందని నా అభిప్రాయం. చెంచులక్ష్మి కథ తెలుగువాళ్ళకు తెలిసిందే కాబట్టి ప్రేక్షకులు సులువుగా అందుకుంటారు. తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, సంగీత నృత్య కళాశాల ఉంది. ఆ విద్యార్థులనూ, ఇంకా యక్షగానం, కూచిపూడి సంప్రదాయం తెలిసిన పెద్ద కళాకారులనూ ఒకచోట కూర్చోబెట్టి దరువులు పాడించి రికార్డు చేయించండి. పాడే పద్ధతులు తెలిసినవాళ్ళ వయసు పైబడుతోంది, కాబట్టి ఈ పని ముందు జరగాలి. ఇంటర్ తెలుగు వాచకంలో ఆమె నాటకం నుంచి ఒక ఘట్టం పెట్టమని విద్యాశాఖకు మీరు సిఫారసు చేస్తే మేలు. పాఠం పరిచయంలో భక్తురాలు అన్న మాట పక్కన నాటకకర్త అని కూడా రాయించండి.

తొలి ప్రదర్శన తరిగొండలోనే, నృసింహాలయం దగ్గర ఏర్పాటు చేయించి, దానికి మీరు స్వయంగా రావాలని నా మనవి.

ఇట్లు,
తెలుగు నాటకాన్ని ప్రేమించే ఒక పాఠకురాలు