వార్షిక నివేదిక 2024–25: ఇంటింటికీ షుగర్ పాఠాలు

మన చెన్నై తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది వేడుకలు, పిల్లల తెలుగు తరగతులు, గ్రంథాలయం ఈ ఏడాదీ ఎప్పటిలాగే నడిచాయి. ఆ వివరాలు, ఆడిట్ అయిన జమాఖర్చులు జత చేసిన పత్రాల్లో ఉన్నాయి. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఒక్క పనికే ఇస్తున్నాను. షుగర్ ఉన్న మన పెద్దవాళ్ళ ఇళ్ళకు ట్యాబ్‌లు ఇచ్చి, వాటి ద్వారా తెలుగులో చెప్పించిన పాఠాల గురించి.

చెన్నైలో షుగర్ వైద్యానికి లోటు లేదు. డాక్టర్ ఎం. విశ్వనాథన్ గారు 1954లోనే రాయపురంలో పెట్టిన ఆస్పత్రి తర్వాత డయాబెటిస్‌కే ప్రత్యేక ఆస్పత్రి అయింది. దేశంలో 10.1 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని 2023లో తేల్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వేను నడిపించింది కూడా ఈ ఊరి పరిశోధన సంస్థే. ఇళ్ళకే వైద్యం తెచ్చే తమిళనాడు ప్రభుత్వ పథకం మక్కళై తేడి మరుత్తువం 2021లో మొదలయ్యాక మాత్రలు గుమ్మం దాకా వస్తున్నాయి. ఇన్ని ఉన్నా డాక్టరు గది నుంచి బయటికి వచ్చాక మిగతా రోజులన్నీ మనవే. ఏం తినాలి, ఎప్పుడు రక్తం చూసుకోవాలి, కళ్ళు తిరిగితే ఏం చెయ్యాలి అన్నవి ఎవరో నిదానంగా కూర్చుని చెప్పాలి. పెరంబూరు, కొరుక్కుపేట వైపు మన పెద్దామెలు చాలామంది తమిళం బాగా మాట్లాడతారు కానీ చదవలేరు. ఆస్పత్రిలో చేతికిచ్చిన కాగితం వాళ్ళకు ఉపయోగపడదు. వినే పాఠం ఉపయోగపడుతుంది.

ట్యాబ్‌లో పెద్ద అక్షరాలతో మూడే గుర్తులు పెట్టించాం: పాఠం, నా రీడింగ్, మాట్లాడాలి. వారానికోసారి తెలుగు తెలిసిన డయాబెటిస్ ఎడ్యుకేటర్ (షుగర్‌తో ఎలా మెలగాలో నేర్పేవారు), డైటీషియన్ వీడియోలో వస్తారు. గుంపు చిన్నది కాబట్టి ప్రతి ఒక్కరూ అడగగలరు. వేళ్ళు పొడిబారిన పెద్దవాళ్ళు నొక్కితే తెర పలకడం లేదని ఒక వాలంటీర్ అమ్మాయి గమనించి, తెర మీద నొక్కే పెన్నులు తెచ్చి పంచింది. ఆ చిన్న పెన్నుతో సగం టెన్షన్ తీరింది.

పాఠాల్లో బాగా పట్టుకున్నది రీడింగ్ చూసుకోవడం, అంటే వేలి రక్తపు చుక్కను స్ట్రిప్పుకు అంటించి మీటరులో షుగర్ అంకె చూసుకోవడం. వేలి కొనన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. పండు తిన్న చేతిని కడుక్కోకుండా గుచ్చితే అంకె ఎక్కువ చూపిస్తుంది. మన ఊరి ఉక్కకు స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే పెట్టాలి. ఇవి తెలిశాక అసలు ప్రశ్నలు మొదలయ్యాయి. రాగి జావ ఎంత తాగినా ఏం కాదని మనలో గట్టి నమ్మకం. డైటీషియన్ గారు వాదించలేదు. ఒక రోజు జావ తాగి రెండు గంటలకు, మరో రోజు కూర, పప్పు ఎక్కువగా, అన్నం తక్కువగా తిని రెండు గంటలకు చూసుకోమన్నారు. మెత్తటి పిండి కాచి తాగితే చక్కెర ఎంత త్వరగా ఎక్కుతుందో ఎవరి అంకె వాళ్ళకే చెప్పింది. ఆవకాయ మానెయ్యమనీ ఎవరూ అనలేదు. కంచాన్ని ట్యాబ్ ముందు పెట్టమని, సగం కూరలు, పావు వంతు అన్నం, పావు వంతు పప్పో గుడ్డో ఉండేలా సర్దించారు.

ఏకాదశి ఉపవాసాల సంగతి నన్ను కలవరపెట్టింది. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ తగ్గించే మాత్ర గానీ మామూలుగా వేసుకుని, తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు పట్టి వణుకు వస్తే, లేదా రీడింగ్ 70 కంటే తగ్గితే, మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూసుకోవాలి. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చెయ్యాలి. ఉపవాసం ఉండాలనుకునేవాళ్ళు ముందే డాక్టరును అడగాలి. మందు మోతాదు మార్చే మాట మన పాఠాల్లో ఎవరూ చెప్పరు. ఆ నియమం మొదటి రోజు నుంచీ ఉంది, ఇక ముందూ ఉంటుంది.

పాదాల పాఠం పెరంబూరులో ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి గారికి నిజంగా అక్కరకొచ్చింది. ఎండలో గుడి ప్రాకారం చుట్టూ చెప్పుల్లేకుండా తిరిగి వచ్చారు. అరికాలు మొద్దుబారి ఉండటంతో బొబ్బ లేచినట్టే తెలియలేదు. రాత్రి అద్దం పెట్టి పాదాలు చూసుకోవడం అలవాటైంది కాబట్టి కనిపించింది, మర్నాడే కట్టు కట్టించుకున్నారు. ప్రదక్షిణ మానక్కర్లేదు. పొద్దున్నే నేల చల్లగా ఉన్నప్పుడు, మేజోళ్ళు వేసుకుని చెయ్యండి.

నవంబర్ చివర ఫెంగల్ తుఫాను వానలప్పుడు ఎవరూ గడప దాటకుండానే తరగతి జరిగింది. కరెంటు పోతే ఇన్సులిన్ ఎలా దాచాలన్న ప్రశ్న ఆ రోజే వచ్చింది. వాడుకలో ఉన్నదాన్ని ఎండ తగలని చల్లని చోట సుమారు నాలుగు వారాలు ఉంచవచ్చు. తడి ఇసుక నింపిన మట్టి కుండ బాగా పనిచేస్తుంది. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రికార్డు చేసిన పాఠాలు మాత్రమే విన్న ఇళ్ళలో ట్యాబ్ కొన్ని వారాలకే అటకెక్కింది. అవతల మనిషి పేరు పెట్టి పిలిచి, పోయిన వారం రీడింగ్ గురించి అడిగిన చోటే అలవాటు నిలిచింది. అందుకే వచ్చే ఏడాది కొత్త ట్యాబ్‌ల కంటే ఎడ్యుకేటర్ గంటలు పెంచడానికే డబ్బు పెట్టాలని నా అభిప్రాయం. ఇంకొకటి, షుగర్ ఉన్నది బాబాయిగారికైతే పాఠం వింటున్నది పిన్నిగారు. వంట ఆమె చేస్తున్నారు నిజమే, కానీ మాత్ర వేసుకోవాల్సిందీ నడవాల్సిందీ ఆయన. దయచేసి ఇద్దరూ కూర్చోండి.

ఖర్చులో పెద్ద భాగం స్ట్రిప్పులదే. దానికి విడిగా నిధి పెట్టాలన్న ప్రతిపాదనను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాం. సభ్యుల రీడింగులు వారి అనుమతి లేకుండా కార్యవర్గంతో సహా ఎవరికీ చూపించం. కొత్తగా చేరదలచినవారు, వారానికి ఒక గంట ఇవ్వగల వాలంటీర్లు ఆదివారం ఉదయం సంఘం కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవచ్చు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి