కౌంటర్ మీద సౌండ్ బాక్స్ ఏమైందంటే...

మా దుకాణం ఖాతాదారులందరికీ నమస్కారం. డబ్బు జమ కాగానే పైకి చదివి వినిపించే సౌండ్ బాక్స్‌ను బ్యాంకుకు తిరిగి ఇచ్చేశాం. క్యూఆర్ కోడ్ మాత్రం అక్కడే ఉంది, ఏ యాప్‌తోనైనా ఎప్పటిలాగే కట్టొచ్చు.

బాక్సులో బ్యాటరీ పోయింది. ఛార్జర్ తీస్తే ఆగిపోతుంది, కరెంటు పోతే మూగనోమే. బ్యాటరీ ఒక్కటీ మార్చరట. కొత్త బాక్సు తీసుకుని మళ్లీ డిపాజిట్ కట్టాలట. పాతది ఎక్కడికి పోతుందని అడిగితే జవాబు లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనలు పాత సామాను రీసైక్లింగ్ బాధ్యత తయారీదారు మీదే పెట్టాయి. బాక్సు అద్దె మాత్రం బ్యాంకు నెలనెలా ఠంచనుగా కోశారు!

ఈ బ్యాంకే 'కాగితం ఆపండి, చెట్టును కాపాడండి' అని ఆకు బొమ్మ పోస్టరు మా కౌంటర్‌కి అంటించి, అందర్నీ మొబైల్ బ్యాంకింగ్‌కి రమ్మంది. ఆ మాట నచ్చి యాప్ వేసుకున్నవాళ్లు మీలోనూ ఉన్నారు. చెప్పేదీ చేసేదీ ఒకటైతే ఆ నమ్మకం యాప్ మీదా నిలుస్తుంది. చెట్టు పేరు చెప్పి పాస్‌బుక్ ప్రింటింగ్ ఖర్చు మిగుల్చుకుంటున్నారని అనిపించిందా, అనుమానం యాప్ దాకా పాకుతుంది. కొందరు పెద్దవాళ్లు మళ్లీ నోట్లు తీయడంలో వింతేముంది?

ఎక్కువ తర్జనభర్జన పడింది బిల్లు దగ్గర. బ్యాంకువాళ్లు 'పేపర్‌లెస్ షాపు' స్టిక్కర్ ఇస్తామన్నారు, బిల్లు ఫోన్‌కే పంపాలన్నారు. బిల్లు మెషిన్‌లో వేడితో అచ్చయ్యే థర్మల్ కాగితపు రోల్ మాకూ ఇష్టం లేదు: దాని మీదున్నది రసాయనాల పూత, వేడి తగిలితే కాగితమే నల్లబడి అక్షరాలు కనబడవు, మామూలు చిత్తు కాగితాల్లో కలపకూడదు. అందుకే ఆపేశాం. కానీ నెల ఖాతా వాళ్లలో కీప్యాడ్ ఫోన్లవాళ్లున్నారు. స్టిక్కర్ కోసం వాళ్ల చేతిలో లెక్క లేకుండా చేయం. వాళ్లకు కార్బన్ పెట్టిన బిల్లు పుస్తకంలో రాసిస్తాం, మిగతావాళ్లకు అడిగితే వాట్సాప్‌లో పంపుతాం. స్టిక్కర్ వద్దన్నాం.

బాక్సు పలకదు కాబట్టి, డబ్బు కట్టాక మా ఫోన్‌లో జమ కనబడేదాకా క్షణం ఆగండి. స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇవ్వం, నకిలీ యాప్‌లు తిరుగుతున్నాయి, ఏమీ అనుకోవద్దు. 'ప్రాసెసింగ్' అని తిరుగుతుంటే వెంటనే రెండోసారి కట్టకండి. యాప్‌లో ఆ చెల్లింపు వివరాల్లో ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు చెబితే వెతికి చూస్తాం. మీ ఖాతాలో కోసి మాకు అందకపోతే, రిజర్వ్ బ్యాంక్ 2019 సర్క్యులర్ ప్రకారం 5 రోజుల్లో డబ్బు వెనక్కి రావాలి. ఆపైన ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకే ఇచ్చుకోవాలి. అడగండి, మొహమాటపడకండి. పదీ ఇరవై రూపాయల కొనుగోళ్లకు యూపీఐ లైట్ (యాప్‌లో ముందే కొంత డబ్బు వేసుకుని చిన్న మొత్తాలు కట్టే పద్ధతి) వాడితే పిన్ కొట్టక్కర్లేదు, పాస్‌బుక్కూ చిల్లర పద్దులతో నిండదు.

బ్యాటరీ మార్చిస్తామని బ్యాంకు కాగితం మీద రాసిస్తే బాక్సు మళ్లీ పెడతాం. నోటిమాటకు మాత్రం పెట్టం.