ఫోటో అంచులు కత్తిరించే ముందు

సంపాదకుల వారికి,

అయ్యా,

కిందటి కార్తీక మాసంలో మీ పత్రికలో వచ్చిన ఒక ఫోటో గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. వానల తర్వాత తిరుపతి కపిలతీర్థంలో జలపాతం నిండుగా దూకుతుండగా మీ ఫోటోగ్రాఫరు తీసిన చిత్రమది. మెయిన్ ఎడిషన్‌లో దాన్ని పూర్తిగా వేశారు. జిల్లా పేజీల్లో మాత్రం అదే ఫోటోను రెండు కాలమ్‌ల వెడల్పుకు తగ్గట్టు రెండు పక్కలా కత్తిరించారు. చిత్తూరులో ముప్పై ఏళ్లకు పైగా ఫోటో స్టూడియో నడిపినవాణ్ణి కనుక రెండింటినీ పక్కపక్కన పరుచుకుని చాలాసేపు చూశాను. ఆ కత్తిరింపులో ఏం పోయిందో మీకూ, పేజీలు పెట్టే మీ సిబ్బందికీ వివరంగా చెప్పాలనిపించింది.

పూర్తి ఫోటోలో నీటి ధార నడిమికి కాస్త ఎడమగా ఉంది. దాని కుడివైపంతా వానకు తడిసి నల్లబడిన కొండరాయి. ఆ రాతి అడుగున, దాదాపు కుడి మూలలో, పుష్కరిణి మెట్ల మీద దీపం పెడుతున్న ఎర్ర చీర స్త్రీ ఒకరు ఉన్నారు. బొమ్మలో ఆమె చిటికెన వేలి గోరంత. అయినా తెల్లటి ధారను చూసిన కన్ను నేరుగా ఆమె దగ్గరికి వెళ్లి, కాసేపు అక్కడ ఆగి, రాతి మీదుగా మళ్లీ ధార దగ్గరికే వస్తుంది. జిల్లా పేజీలో ధార నట్టనడుమకు చేరింది. రాయి పోయింది, ఆమె కూడా పోయింది. ఆ నీళ్లు ఎంత ఎత్తు నుంచి పడుతున్నాయో పోల్చి చూసుకోవడానికి ఉన్న ఒకే ఒక్క మనిషి లేకపోయేసరికి, అది ఏ ఊరి జలపాతమైనా కావచ్చుననిపించే బొమ్మ మిగిలింది.

ఫోటోలోని ప్రతి వస్తువుకూ కంటికి తెలిసే బరువు ఒకటుంటుంది. దానికీ వస్తువు అసలు బరువుకూ సంబంధం లేదు. తిరుపతి రైల్వే స్టేషన్ వైపు నుంచి గోవిందరాజస్వామి ఆలయ గోపురాన్ని తీస్తే, వెనక శేషాచలం కొండలు దూరం వల్ల పలచబడి లేత నీలంగా కనిపిస్తాయి. కొండ గోపురం కంటే ఎన్నో రెట్లు పెద్దదే, కానీ ఫోటోలో అది దూదిలా తేలిపోతుంది. ముందు వరుసలో ఎవరో దించిన కనకాంబరాల బుట్ట ఒక్కటి ఆ కొండ కంటే బరువుగా తూగుతుంది. దట్టమైన రంగు, చుట్టూ ఉన్నదానితో కలవని వెలుగు లేదా నీడ, మనిషి ముఖం, అందులోనూ కళ్లు, చదవగలిగే అక్షరాలు, చుట్టూ ఏమీ లేకుండా ఒంటరిగా నిలబడ్డ ఏ చిన్న వస్తువైనా సరే, ఇవన్నీ చూపును తమ వైపు లాగి బరువు తెచ్చుకుంటాయి. పచ్చటి మడిలో తెల్ల కొంగ ఎంత బరువో, తెల్లటి ఆకాశంలో కాకి అంతే బరువు. పెళ్లి ఫోటోలో మూలన వెలుగుతున్న ఒక్క లైటు వధూవరులిద్దరినీ తేలిక చేసేయడం నేను ఎన్నోసార్లు చూసి బాధపడ్డాను.

ఈ బరువుకు తోడు దూరం కూడా లెక్కకు వస్తుంది. వెనకటి రోజుల్లో కావడితో నీళ్లు మోసేవారు, ఒక బిందె నిండుగా, మరొకటి వెలితిగా ఉంటే, నిండు బిందె భుజానికి దగ్గరగా వచ్చేలా బద్దను జరుపుకునేవారు. వెలితి బిందె పొడుగు కొస చివర వేలాడుతూ నిండు బిందెకు సరితూగేది. ఫోటోకు నడిమి గీతే భుజం. పెద్దది, బరువైనది నడిమికి దగ్గరగా ఉంటే, చిన్నది దూరంగా అంచు దగ్గర నిలిచి దాన్ని తూచగలదు. కపిలతీర్థం ఫోటోలో ధార నిండు బిందె, దీపం పెట్టే ఆమె వెలితి బిందె. ఆ రెంటి మధ్య ఉన్న నల్లరాయి, మీ పేజీ పెట్టినవారికి ఖాళీ జాగాగా తోచిన ఆ రాయే, కావడి బద్ద. బద్ద లేకుండా కావడి ఎలా నిలుస్తుంది?

నేను పని నేర్చుకున్న స్టూడియోలో ముక్కాలి స్టాండు మీద నిలిపే పాత కెమెరా ఒకటి ఉండేది. తల మీద నల్లగుడ్డ కప్పుకుని వెనకనున్న గాజు పలకలో చూస్తే, ఎదుట కూర్చున్న కుటుంబమంతా తలకిందులుగా కనిపించేది. మొదట్లో అది నాకు పెద్ద చిక్కుగా ఉండేది. కొన్ని నెలలకు దాని మేలు అర్థమైంది. తలకిందులైన బొమ్మలో ఎవరి ముఖమూ గుర్తుపట్టలేం కనుక, ఫలానా పెద్దమనిషి, ఫలానా కోడలు అన్న ఆలోచన పోయి, ఇక్కడొక నల్లటి కోటు, అక్కడొక తెల్ల తలపాగా, మధ్యలో చిన్న పిల్ల గౌను అని మచ్చలు మాత్రమే కనబడతాయి. తలపాగా ఒక కొసకు ఉంటే బొమ్మంతా ఆ పక్కకు ఒరిగినట్టు తెలిసిపోయేది. గుడ్డలోంచి బయటికి వచ్చి తాతగారిని కాస్త నడుమకు జరగమని బతిమాలేవాణ్ణి. ఇప్పుడు కంప్యూటరు మీద ఫోటోను తలకిందులు చేయడానికి ఒక్క క్షణం చాలు. కత్తిరించే ముందు ఒకసారి అలా తిప్పి చూడమని మీ డెస్కులోని వారికి నా మనవి.

ఫోన్ కెమెరాలో నాలుగు గీతలు పెట్టుకుని, అవి కలిసే చోట మనిషిని నిలబెడితే పని అయిపోయిందని చాలామంది యువకులు అనుకుంటున్నారు. ఈ మూడో వంతు సూత్రానికి ఆ పేరు పెట్టినవాడు జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు. 1797లో ప్రకృతి దృశ్యాల చిత్రాల గురించి రాస్తూ, వెలుగునూ నీడనూ, నేలనూ ఆకాశాన్నీ సరిసగం పంచకుండా ఒకటి రెండు వంతులు, మరొకటి ఒక వంతు ఉంచమన్నాడు. అది పాళ్ల గురించిన మాట. ఒక పక్క మనిషిని నిలబెట్టి, రెండో పక్క ఏముందో చూసుకోకపోతే ఆ గీతలు కాపాడలేవు. అలాగని నడుమ పెట్టడం తప్పనీ నేను అనను. చంద్రగిరి కోటలోని మూడంతస్తుల రాజమహల్‌ను ఎదురుగా నిలబడి తీసేటప్పుడు నడుమ పెట్టడమే దానికి మర్యాద.

ముఖాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మే నెలలో జరిగే తిరుపతి గంగజాతరలో, ఒళ్లంతా బొగ్గు పూసుకుని ‘తోటి వేషం’ కట్టిన కుర్రవాడి ఫోటోలో కనుగుడ్ల తెలుపు ఒక్కటే మొత్తం బొమ్మను లాగుతుంది. ఆ చూపు ఎటు ఉంటే అటు జాగా వదలాలి. ముక్కు అంచుకు తగిలేలా కత్తిరిస్తే ఆ కుర్రవాడు గోడకు ఆనుకుని నిలబడ్డట్టుంటాడు. చూపు పేజీ లోపలికి ఉండాలని కొందరు ఫోటోను అద్దంలోలా ఎడమకుడులు మార్చేస్తున్నారు, అది ఇంకా పెద్ద తప్పు. ఒక పత్రికలో అర్చకుడొకరి ఫోటోను అలా మార్చినప్పుడు, ఎడమ భుజం మీద ఉండవలసిన జంధ్యం కుడి భుజం మీదికి వచ్చి, పితృకార్యంలో వేసుకునే ప్రాచీనావీతిలా కనిపించింది. పండగనాటి పేజీలో అది చూసిన పాఠకులు ఎంత నొచ్చుకుని ఉంటారో ఊహించండి.

కత్తిరించడమే పాపమని నా వాదన కాదు. తీసిన ఫ్రేమును తీసినట్టే అచ్చువేయాలని జీవితాంతం పట్టుబట్టిన ఫ్రెంచి ఫోటోగ్రాఫరు హెన్రీ కార్టియే బ్రెసాన్ కూడా, 1932లో పారిస్ రైల్వే స్టేషన్ వెనక నీటి గుంటను దాటుతున్న మనిషి ఫోటోకు అంచు కత్తిరించక తప్పలేదు, కంచె సందులోంచి తీయడంతో దాని పలక ఫ్రేములోకి వచ్చింది. అయితే తీసినవాడు ఎందుకు తీశాడో తెలిసి చేసిన కత్తిరింపు అది.

మీ పత్రికకు జాగా కొరత ఉంటుందని నాకు తెలుసు. రెండు కాలమ్‌లే ఉంటే, అడ్డంగా ఉన్న ఫోటోను కత్తిరించే బదులు మొత్తంగా చిన్నది చేసి వేయండి. గోరంత ఎర్రచీర ఇంకా చిన్నదైనా తన పని తాను చేస్తుంది. తప్పనిసరై కత్తిరించవలసి వస్తే తీసిన ఫోటోగ్రాఫరుకు ఒక ఫోన్ చేసి, ఏ అంచు వదులుకోగలడో అడగండి. పత్రిక ముద్రనూ, ఫోటోగ్రాఫరు పేరునూ బొమ్మలోని ఆకాశం మీద కాకుండా బొమ్మ కింద వేయించండి, అక్షరాల బరువు ఎంతో పైన చెప్పాను. ఈశాన్య రుతుపవనాలు వచ్చి కపిలతీర్థంలో మళ్లీ నీళ్లు దూకినప్పుడు మీ ఫోటోగ్రాఫరు తప్పక అక్కడికి వెళతారు. ఈసారి ఆ ఫోటోను జిల్లా పేజీల్లో కూడా కొండరాయితో సహా వేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాత స్టూడియో ఫోటోగ్రాఫరు,
చిత్తూరు