పేర్లు రాయకుండా చెప్పే థ్యాంక్స్

ఏప్రిల్ వచ్చింది కాబట్టి ఇది రాయడానికి కూర్చోగలిగాను. మార్చిలో మా ఆఫీసులో ఎవరినైనా "ఎలా ఉన్నారండీ" అని పలకరిస్తే నోటితో జవాబు రాదు, ఎక్సెల్ షీటు వైపు చెయ్యి చూపిస్తారు.

మేం చేసే పని, సైన్సు పరిశోధనలకు ప్రజల డబ్బును గ్రాంటుగా ఇవ్వడం. హైదరాబాద్‌లో చిన్న ఆఫీసు, పదకొండు మందిమి. ఆఫీసు పేరు రాయను, ఇది ఆఫీసు మాట కాదు, నా సొంత మాట. మా అమ్మ చుట్టాలతో "మావాడు లోన్లు శాంక్షన్ చేస్తాడు" అని చెబుతుంది. అవి తిరిగి కట్టక్కర్లేని లోన్లని తెలిస్తే ఇంటిముందు క్యూ కడతారేమోనని నేనూ సరిదిద్దలేదు.

ఈ ఏడాది మాకు చాలామంది సాయం చేశారు. పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. చిక్కేమిటంటే, అందరికన్నా ఎక్కువ సాయం చేసినవాళ్ల పేర్లే మేం బయటపెట్టకూడదు.

వాళ్లు రివ్యూయర్లు. ఒక శాస్త్రవేత్త నలభై పేజీల ప్రతిపాదన పంపితే అందులో పస ఉందో లేదో తేల్చేంత చదువు మాకు లేదు. అదే రంగంలో పనిచేసే ఇద్దరు ముగ్గురికి పంపుతాం. వాళ్లు పొద్దంతా ల్యాబూ క్లాసులూ చూసుకుని, ఇంట్లో పిల్లలు పడుకున్నాక ఆ నలభై పేజీలు చదువుతారు. ప్రశ్న కొత్తదేనా, అడిగిన మిషను నిజంగా కావాలా, మూడేళ్లలో అయ్యే పనేనా అని ఆలోచించి రాస్తారు. మేం వాళ్లకు రూపాయి ఇవ్వం. ఎవరు రాశారో దరఖాస్తు పెట్టినవాళ్లకు ఎప్పటికీ తెలియదు.

హైదరాబాద్‌లో రివ్యూయర్‌ను వెతకడం పెళ్లి సంబంధం వెతకడం లాంటిదని మా టీమ్‌లో ఒక జోకు. దొరికిన ప్రతివాళ్లూ ఏదో ఒక వరస అవుతారు. తార్నాక, హబ్సిగూడ చుట్టుపక్కలే ఐఐసీటీ, ఎన్‌ఐఎన్, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ అనే పరిశోధన సంస్థలు, ఉస్మానియా యూనివర్సిటీ అన్నీ ఉన్నాయి. ఒకరి గైడు దగ్గరే ఇంకొకరు పీహెచ్‌డీ చేసి ఉంటారు, లేదంటే కలిసి పేపరు రాసి ఉంటారు, అదీ కాదంటే భార్యది ఒక ల్యాబు, భర్తది ఇంకో ల్యాబు. గోత్రం కలిస్తే సంబంధం వద్దన్నట్టు, గైడు కలిస్తే రివ్యూ వద్దు. కాబట్టి ఎంత దగ్గర్లో ఎంత గొప్ప శాస్త్రవేత్త ఉన్నా, చాలాసార్లు మా ఫోను ఊరు దాటి వెళ్లాల్సిందే.

జనవరిలో మాకు పెద్ద దెబ్బే తగిలింది. కమిటీ మీటింగు తొమ్మిది రోజులుందనగా ఒక రివ్యూయర్ తండ్రిగారు ఆస్పత్రి పాలయ్యారు. ఆ పరిస్థితిలోనూ ఆయన ఫోన్ చేసి "సారీ అండీ, చేయలేను" అని చెప్పారు, అది ఆయన మంచితనం. ఇంకొకరు మాత్రం మెయిళ్లకీ ఫోన్లకీ పలకడం మానేశారు. మందులకు లొంగని టీబీ మీద వచ్చిన ఏడు దరఖాస్తులు నా టేబుల్ మీద ఉండిపోయాయి. గోత్రాలు కలవని పేర్లన్నీ జల్లెడ పడితే చివరికి ఒక్కరు మిగిలారు. ఆ పేరు చూడగానే నాకు గొంతు ఆరిపోయింది.

అంతకుముందు ఏడాది వారి దరఖాస్తును తిప్పి పంపింది మేమే. తిప్పి పంపడంలో తప్పు లేదు, కమిటీ నిర్ణయం అది. తప్పంతా ఆ ఉత్తరంలో ఉంది, రాసింది నేనే. రెండంటే రెండు లైన్లు. "మీ ప్రతిపాదన ఎంపిక కాలేదు. భవిష్యత్ ప్రయత్నాలకు శుభాకాంక్షలు." కారణాలు చెప్పమని వారు మెయిల్ పెడితే, అవే రెండు లైన్లు కాస్త మర్యాద కలిపి మళ్లీ పంపాను.

అయినా ఫోన్ చేశాను. ఊరు చెప్పను, ఆడో మగో కూడా చెప్పను. నేను మొదలుపెట్టిన క్షమాపణ పూర్తి కాకముందే "ఎన్ని ఉన్నాయి?" అన్నారు. ఏడు అన్నాను. "ఎప్పటికి?" సోమవారానికి అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత "పంపండి" అన్నారు.

ఆదివారం రాత్రి ఒంటిగంట నలభైకి ఏడూ వచ్చాయి. నేనీ పనిలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను, అలాంటి రివ్యూలు తక్కువ చూశాను. బాగున్న దరఖాస్తుకి అరపేజీ రాసి వదిలేశారు. అన్నిటికన్నా బలహీనంగా ఉన్నదానికి రెండు పేజీలు రాశారు. ఫలానా ప్రయోగానికి పోల్చి చూసుకునే కంట్రోల్ లేదు, ఎన్ని శాంపిళ్లు కావాలో లెక్క కట్టలేదు, అయినా అడిగిన ప్రశ్న మంచిది, వదిలేయొద్దని చెప్పండి అని వివరంగా ఉంది. అడుగున నాకోసం విడిగా ఒక మాట: "పోయినేడు నాకు రెండు లైన్లు వచ్చాయి. వీళ్లకి అలా పంపకండి."

పంపలేదు. ఈ ఏడాది తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకీ, ఎవరు రాశారో తెలియకుండా, రివ్యూయర్ల మాటలన్నీ పంపాం. పని రెట్టింపైంది. పంపిన వారానికే ఒక కుర్ర అసిస్టెంట్ ప్రొఫెసర్ ఫోన్ చేసి, "సార్, రిజెక్ట్ అయినందుకు కాదు గానీ, చదివినందుకు థ్యాంక్స్" అన్నారు. ఆ థ్యాంక్స్ నాది కాదు. చేరాల్సినవాళ్లకు చేర్చే దారి లేక ఇక్కడ పెడుతున్నాను.

కాదనే ఉత్తరాలే మేం ఎక్కువ రాస్తాం. 2020-21 లెక్క ప్రకారం పరిశోధన, అభివృద్ధి మీద మన దేశం పెట్టిన ఖర్చు జీడీపీలో 0.64 శాతం. చిన్న గిన్నె, చాలా విస్తళ్లు. అందుకే కాదనే ఉత్తరం ఎలా రాయాలన్నది మాకు చిన్న విషయం కాదు. ఇది తెలియడానికి నాకు పద్నాలుగేళ్లు పట్టింది, ఏం చేస్తాం.

ఇక మా అకౌంట్స్ అక్క. నాకన్నా చిన్నదే, అయినా ఆఫీసంతా అక్క అనే పిలుస్తుంది. గ్రాంటు తీసుకున్న సంస్థ ఏటా యూసీ, అంటే ఇచ్చిన డబ్బు చెప్పిన పనికే ఖర్చయిందని ధ్రువీకరించే పత్రం ఇవ్వాలి. దాంతోపాటు ఖర్చుల పట్టిక ఇవ్వాలి. ఆ డబ్బు మీద బ్యాంకు వడ్డీ వస్తే అది కూడా భారత్ కోశ్ పోర్టల్ ద్వారా ప్రభుత్వానికి తిరిగి కట్టేయాలి. ఇవి సరిపోలకపోతే తర్వాతి విడత కదలదు. చెప్పడానికి తేలికే. ఒక కాలేజీ నుంచి వచ్చిన కాగితాల్లో వడ్డీ లెక్క తప్పింది, వాళ్ల క్లర్కుకు పోర్టల్ వాడటం రాదు. ఈలోగా ఆ ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్‌గా, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోగా చేరిన కుర్రాడికి జీతం ఆగిపోయింది. నెలకు 37,000. మనకు అదొక అంకె, ఆ కుర్రాడికి హాస్టల్ ఫీజు, ఇంటికి పంపే డబ్బు. గైడు రెండు నెలలు తన జేబులోంచి ఇచ్చారు.

కాగితాలు తిప్పి పంపేస్తే మా పని అయిపోయేది. అక్క అలా చేయలేదు. మూడు రోజులు మధ్యాహ్నం బాక్సు పక్కన పెట్టుకుని, ఫోన్ స్పీకర్లో పెట్టి, ఆ క్లర్కుతో "అన్నా, ఇప్పుడు ఎడమ పక్కన చూడు, కనబడ్డదా?" అంటూ ఒక్కో బటన్ నొక్కించింది. మార్చి 27న విడత వెళ్లింది. ఆ క్లర్కు ఇప్పుడు పక్క డిపార్ట్‌మెంటు వాళ్లకి నేర్పుతున్నాడట.

అక్క లెక్క ఎంత గట్టిదో చెప్పడానికి ఇంకో సంగతి. 1897లో రోనాల్డ్ రాస్ మలేరియా దోమ గుట్టు కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమల చేత కుట్టించుకోమని, దోమకు ఒక అణా చొప్పున రాస్ ఇచ్చాడంటారు. ఒకరోజు టీ దగ్గర ఈ కథ చెప్పి, ఎంత గొప్పదో చూశావా అన్నాను. అక్క బిస్కెట్ ముంచుతూ, "వోచర్ ఉందా? ఏ పద్దు, కన్స్యూమబుల్సా, కంటింజెన్సీయా?" అంది. రాస్‌కు నోబెల్ వచ్చింది గానీ మా అక్క దగ్గర రెండో విడత వచ్చేది కాదు.

మా డ్రైవరన్న పేరు కూడా రాయొద్దన్నాడు, సిగ్గట. కమిటీ మీటింగు సాయంత్రం ఆరు దాటింది. ఒక పెద్దాయనకు నాంపల్లిలో రైలు. నుమాయిష్ ఎగ్జిబిషన్ రోజులు, అటువైపు కారు కదిలే ప్రశ్నే లేదు. నేను టెన్షన్‌తో చేతులు నలుపుకుంటుంటే డ్రైవరన్న, "ఏం గాదు సార్, మెట్రోల వోదం" అని కారు పార్క్ చేసి, ఖైరతాబాద్ స్టేషన్లో ఆయనతో పాటు ఎక్కి, మూడో స్టేషన్లో దిగి, సూట్‌కేసు మోసుకెళ్లి బెర్తు కింద పెట్టి వచ్చాడు. రైలు కదిలాక ఆ పెద్దాయన నాకు మెసేజ్ పెట్టారు. మీటింగు గురించి ఒక్క ముక్క లేదు, అంతా డ్రైవరన్న గురించే.

టీమ్‌లో మిగతావాళ్లకు విడివిడిగా చెప్పేశాను, బిర్యానీ కూడా అయింది. ఇద్దరు ఆడపిల్లలు ఈ ఏడాదే కొత్తగా చేరారు. పరిశోధనలకు గ్రాంట్లిచ్చే కేంద్ర సంస్థగా ఏఎన్‌ఆర్‌ఎఫ్ వచ్చి, అంతకుముందు ఆ పని చేసిన సెర్బ్ అందులో కలిసిపోయాక, ఏ దరఖాస్తు ఎక్కడ పెట్టాలో తెలియనివాళ్లు ఇప్పటికీ మాకు ఫోన్ చేస్తుంటారు. మాకు సంబంధం లేదని పెట్టేయకుండా, వీళ్లిద్దరూ సరైన వెబ్‌సైట్ వెతికి చెబుతారు. అది వాళ్ల ఉద్యోగంలో రాసిలేదు.

మళ్లీ ఆ ఏడు రివ్యూల దగ్గరికే వస్తాను. గడువు అయ్యాక వారికి మా పద్ధతి ప్రకారం థ్యాంక్యూ మెయిల్ వెళ్లింది. అది కూడా రెండు లైన్లే, సిస్టమ్ దానంతటదే పంపుతుంది. చూసుకుని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అందుకే ఈ పోస్టు.

కొత్త దరఖాస్తులు ఈ నెలలోనే తీసుకుంటున్నాం. వారు ఈసారి పెట్టారా లేదా అని కామెంట్లలో అడగొద్దు. పెట్టి ఉంటే ఆ ఫైలు నేను ముట్టుకోకూడదు, పెట్టకపోతే త్వరలో మళ్లీ ఫోన్ చేస్తాను.