మ్యాట్ భయానికి వీఆర్: కొనే ముందు కొన్ని మాటలు

సంపాదకులకు నమస్కారం.

క్రీడాకారుల మానసిక ఆరోగ్యం కోసం వర్చువల్ రియాలిటీ (వీఆర్) హెడ్‌సెట్లు, అంటే కళ్లకు తొడుక్కుంటే వేరే చోట ఉన్నట్టు చూపించే పరికరాలు, కొనాలన్న మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. వద్దని మేం అనడం లేదు. పాలమూరు, నల్లగొండల్లో కబడ్డీ ఆడే పిల్లలకు వాటితో తీరే కష్టం ఒకటుంది, తీరనివి చాలా ఉన్నాయి. ఆ తేడా చూసుకోకుండా కొంటే అవీ బీరువాలో దుమ్ము పట్టిన కంప్యూటర్ల పక్కన చేరతాయి.

తీరే కష్టం మ్యాట్ భయం, అంటే పెద్ద పోటీల్లో కోర్టు మీద పరిచే చాపపై ఆడాలంటే కలిగే భయం. అచ్చంపేటలోనో దేవరకొండలోనో మట్టి కోర్టులో ఉత్త కాళ్లతో ఆడిన అమ్మాయి ఒక్కసారిగా సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో బూట్లు తొడుక్కుని, లైట్ల కింద, మైకు మోతలో కూతకు వెళ్లాలి. ఇంట్లో పులి, బయట పిల్లి అని నవ్వేస్తాం గానీ అది పిరికితనం కాదు. భయం పట్టగానే ఊపిరి పైపైనే ఆడుతుంది. కూత నడిచేది వదిలే ఊపిరి మీద. అందుకే 30 సెకన్ల రెయిడ్ పూర్తి కాకముందే కూత తెగుతుంది, కాళ్లలో సత్తువ ఉండి కూడా పాయింటు పోతుంది.

భయపెట్టే చోటును కొద్దికొద్దిగా అలవాటు చేయడం మనస్తత్వ నిపుణులకు పాత పద్ధతే. వీఆర్ చేసేదల్లా ఆ చోటును అచ్చంపేటకు తేవడం. కానీ దుకాణంలో దొరికే యాప్‌లలో ఉండేది విదేశీ ఫుట్‌బాల్ మైదానం, ఇంగ్లీషు కామెంటరీ. మన పిల్లను భయపెట్టేది అది కాదు. నిర్వాహకుల అనుమతితో అసలు స్టేడియంలో, అసలు మ్యాచ్ రోజునే 360 డిగ్రీల కెమెరాతో తీయాలి. కెమెరాను ఆడే పిల్ల కంటి ఎత్తులో, సుమారు 150 సెంటీమీటర్ల దగ్గర, స్టాండు మీద కదలకుండా నిలపాలి. ఆరడుగుల ఎత్తులో పెడితే చూసేవాళ్లకు గాల్లో వేలాడుతున్నట్టుంటుంది. చేత్తో పట్టుకుని నడిస్తే అయిదు నిమిషాల్లో వాంతి ఖాయం. కన్ను కదిలామంటుంది, చెవిలోపలి సమతూక భాగం కదల్లేదంటుంది, ఆ తగువుకు కడుపు తిప్పుతుంది. మీటరు కంటే దగ్గరకు వచ్చిన మనిషి చెయ్యి రెండు లెన్సుల అతుకు దగ్గర తెగినట్టు కనిపిస్తుంది కాబట్టి ఆటగాళ్లను కాస్త దూరంలోనే ఉంచాలి. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీస్తే 10 నిమిషాల వీడియో ఏడున్నర జీబీ అవుతుంది. హాస్టల్ వైఫైని నమ్ముకోకుండా ముందే హెడ్‌సెట్‌లోకి ఎక్కించుకోవాలి.

భయంలో పెద్ద వాటా చప్పుడుదే. అనౌన్సర్ గొంతు, విజిల్, గ్యాలరీలోంచి మనవాళ్లు అరిచే "పట్టు, పట్టు" అన్నీ విడిగా రికార్డు చేసి, చెవులు మూసే హెడ్‌ఫోన్లలో తక్కువ నుంచి మొదలుపెట్టాలి.

నాలుగు మెట్లు చాలు. ఖాళీ కోర్టు, వార్మప్, నిండిన గ్యాలరీ, స్కోరు సమానంగా ఉన్న చివరి నిమిషాలు. ముందుగా అయిదు నిమిషాలు ఊపిరి: 4 సెకన్లు పీల్చి 6 సెకన్లు వదలడం, అంటే నిమిషానికి ఆరుసార్లు, బిగపట్టకుండా. తర్వాత చక్రాల్లేని కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌సెట్ పెట్టాలి. నిలబెడితే తూలి పడతారు. నిమిషానికోసారి "భయం పదిలో ఎంత?" అని అడగాలి. మూడుకు దిగితేనే పై మెట్టు. మొదటి వారం ఒక్కో విడత 10 నిమిషాలు మించొద్దు.

ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. అంకె ఎనిమిదికో తొమ్మిదికో చేరగానే పక్కనున్నవాళ్లు కంగారుపడి హెడ్‌సెట్ లాగేస్తారు. పారిపోతేనే బతికానని మనసు నేర్చుకుంటుంది, భయం మరింత ముదురుతుంది. పిల్ల తీసేయమంటే మాత్రం తీయాల్సిందే. కాసేపాగి, ఒప్పుకుంటే, అదే రోజు కింది మెట్టు చూపించి, నెమ్మదించాక ముగించాలి. రెండో పొరపాటు, కడుపు తిప్పడాన్ని భయం అనుకుని కొనసాగించడం. ముఖం పాలిపోయి, ఆవలింతలు వచ్చి, నోట్లో నీళ్లూరితే అది వికారం, వెంటనే ఆపాలి. పిల్ల చూస్తున్నదే పక్కవాళ్లకూ ట్యాబ్‌లో కనిపించేలా పెట్టుకుంటే ఈ తేడా పట్టుకోవడం తేలిక.

నాలుగైదు విడతలయ్యాక వారంలోపు అసలు మ్యాట్ ఎక్కించకపోతే ఇదంతా వట్టిదే. వీఆర్ పట్టు నేర్పదు, బోనస్ గీత దాటడం నేర్పదు. అమ్మాయిల కోర్టు 12 మీటర్లు, 8 మీటర్లు కాబట్టి మీటరు చదరం మ్యాట్ ముక్కలు 96 తెచ్చి ఫంక్షన్ హాల్లో పరచండి. రెండు స్పీకర్లు పెట్టి, కాలేజీ పిల్లలను పిలిచి అరిపించండి. నిజం చెప్పాలంటే, డబ్బు ఒక్కదానికే ఉంటే మేమైతే హాలుకే పెడతాం.

మూర్ఛ ఉన్నవాళ్లకు హెడ్‌సెట్ వద్దు. తలకు దెబ్బ తగిలినవాళ్లకు డాక్టరు సరేనన్నాకే. తామర, కళ్లకలక ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి కాబట్టి ఎవరి ముఖపు గుడ్డ వారిదే. లెన్సులను స్పిరిటుతో తుడిస్తే పూత పోతుంది. ఎండలో కిటికీ దగ్గర పెడితే సూర్యకాంతి లెన్సులోంచి స్క్రీన్‌ను కాల్చేస్తుంది. ఆ మచ్చ పోదు.

ఇక తీరని కష్టాలు. బరువు పరిమితి కోసం తిండి మానేసే పిల్లకు, గాయంతో ఆట ఆగి నిద్రపట్టని వాడికి, కోచ్ నోటికి, చేతికి భయపడేవాళ్లకు హెడ్‌సెట్ తగిలించడం పుండు మీద పూత పూయడమే. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2020లో ఇచ్చిన పరీక్షా విధానంలో మొదటి మెట్టు పది ప్రశ్నలు, స్కోరు 10 నుంచి 50. పదిహేడు, ఆపైన వస్తే తర్వాతి పరీక్షలకు పంపాలి. అది 16 ఏళ్లు నిండినవాళ్లకే. తెలుగులో, ఒంటరిగా, కోచ్ లేని గదిలో అడగాలి. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వస్తే పిల్లను ఒంటరిగా వదలకుండా అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

కాబట్టి పది హెడ్‌సెట్లు కొనాలనుకునేవాళ్లు రెండే కొని, ఒక కెమెరా తీసుకుని, మిగిలిన డబ్బుతో జిల్లాకొక సైకాలజిస్టును వారానికి రెండు రోజులైనా రప్పించండి. పిల్ల చెప్పిన భయం అంకె ఆ సైకాలజిస్టు పుస్తకంలోనే ఉండాలి. సెలక్షన్ కమిటీకి అది చేరిందని ఒక్కసారి తెలిసినా, మర్నాటి నుంచి ప్రతి పిల్లా "సున్నా సార్" అంటుంది.

ఇట్లు,
కబడ్డీ శిక్షకులు, క్రీడా కౌన్సిలర్లు,
మహబూబ్‌నగర్